ఫొటోలో లేని అమ్మ

నార్వేలోని ట్రోమ్సో వెళ్లి ధ్రువకాంతులు చూసొచ్చిన మనవాళ్ల ఫొటోలు గమనించారా? పచ్చటి ఆకాశం, ముందు పిల్లలు, పక్కన నాన్న. అమ్మ ఉండదు. ఫొటో తీసేది ఆవిడే కదా!

సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాలు భూమి అయస్కాంత క్షేత్రం వెంట ధ్రువాల వైపు దిగి, గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను తాకితే పుట్టే వెలుగది. దాదాపు 100 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ ఇచ్చేదే ఆ ఆకుపచ్చ. వెలుగు పలచగా ఉన్నప్పుడు మన కంటికి తెల్లటి మబ్బులాగే తోస్తుంది. ఫోన్ కొన్ని సెకన్ల వెలుగును పోగుచేసి పచ్చగా చూపిస్తుంది. కానీ ఆరేసిన చీర గాలికి ఊగినట్టు అది కదులుతుందే, ఆ కదలిక ఫొటోలో రాదు.

చీకటికి కళ్లు బాగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు కావాలి. మధ్యలో ఫోన్ తెర చూస్తే కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. అంటే అందరికీ చూపించాలని ఫోన్ పట్టుకున్న అమ్మకే అన్నిటికన్నా తక్కువ కనిపిస్తుంది!

టోపీలు, గ్లవ్స్, ఫ్లాస్కులో టీ, అన్నీ సర్దింది మీరే. ఫొటోల పని మాత్రం ఆయనకో, పెద్దపిల్లకో అప్పగించండి. మబ్బు పడితే ఎటూ కనిపించదు. మబ్బు విడిన ఆ కాసేపూ మీరూ తలెత్తి చూడండి.