బీడీ కార్మికుల పాత పీఎఫ్: సొమ్ము వుంది, పేరే కుదరదు

నిజామాబాద్: బీడీలు చుట్టే మహిళల పాత పీఎఫ్ సొమ్మును ఎవరో కాజేశారని పల్లెల్లో అనుకోవడం మామూలే. చాలామంది విషయంలో సంగతి అది కాదు. సొమ్ము పుట్టింటి పేరు మీద, పాత కార్ఖానా నంబరు కింద పడివున్నది. అడగవలసిన మనిషికి ఇప్పుడు వేరే పేరున్నది. చిక్కంతా ఇక్కడే.

1952 నాటి భవిష్యనిధి చట్టాన్ని బీడీ పరిశ్రమకు 1977లో వర్తింపజేశారు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడపిల్లలు పెళ్లికి ముందే ఆకు, తంబాకు తెచ్చుకుని ఇంట్లో బీడీలు చుట్టేవారు. కార్ఖానా గుమస్తా రాసుకున్న పేరు, తండ్రి పేరు, నోటిమాటగా చెప్పిన వయసు ఖాతాకెక్కాయి. పెళ్లయి అత్తగారి వూరు చేరాక అక్కడి కార్ఖానాలో మరో నంబరు పడింది. ఇంటిపేరు మారింది. ఆ తర్వాత వచ్చిన ఆధార్‌లో భర్త పేరు, ఇంకో పుట్టిన సంవత్సరం చేరాయి. ఈ కాగితాలన్నీ ఒక్కరివేనని కార్యాలయం నమ్మాలి. 'లక్ష్మి' కాస్తా 'లక్ష్మవ్వ' అయినా దరఖాస్తు తిరిగివస్తుంది. 2014లో మొదలైన 12 అంకెల యూఏఎన్ కూడా, అప్పటికే పని మానేసిన వారికి ఉపయోగపడలేదు.

నష్టం జమ సొమ్ముతో ఆగదు. 1995 పింఛను పథకంలో 58 ఏళ్లకు నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ల సర్వీసు కావాలి. పుట్టింటి వూళ్లో 5 ఏళ్లు, అత్తవారి వూళ్లో 7 ఏళ్లు చేసిన మనిషికి, మధ్యలో సొమ్ము తీసుకోకుండా వుంటే, రెండూ కలిపి 12 ఏళ్లు. పాత నంబరు దొరక్కపోతే మిగిలేది ఏడే. అందుచేత మొదటి ఖాతాలో వున్నది కొద్ది సొమ్మే కదా అని వదిలేయడం తెలివితక్కువ.

మూడేళ్లు జమ పడని ఖాతాలకు 2011 ఏప్రిల్ నుంచి వడ్డీ ఆపేశారు. 2016 నవంబరులో ఆ నిబంధనను సడలించారు.

కార్ఖానా వారు ఒకప్పుడు ఏటా యిచ్చిన పీఎఫ్ స్లిప్పు ట్రంకుపెట్టె అడుగున దొరికితే సగం పని అయినట్లే. అందులో మొదటి భాగం కార్ఖానా కోడ్, చివరిది కార్మికురాలి నంబరు. స్లిప్పు లేకున్నా కార్ఖానా పేరు, వూరు చెబితే కోడ్ తెలుసుకోవచ్చు. నంబరు మాత్రం యజమాని దాఖలు చేసిన 3-ఎ ఫారాల్లోనో, కార్ఖానా రిజిస్టర్లలోనో వెతకాలి. పాత ఖాతాలో పేరు సవరణకు యజమాని, కార్మికురాలు కలిసి సంతకాలు చేయాలి. కార్ఖానా మూతపడివుంటే క్లెయిము ఫారం మీద గెజిటెడ్ అధికారి, బ్యాంకు మేనేజరు, గ్రామ సర్పంచ్ వంటివారి సంతకం చెల్లుతుంది. ఇది తెలియక దళారులకు డబ్బు ముట్టజెప్పేవారున్నారు. క్లెయిముకు రుసుము ఏమీ లేదు.

గడువు కూడా వున్నది. క్లెయిము లేక నిలిచిపోయిన ఖాతా 7 ఏళ్లు దాటితే సొమ్ము వయోవృద్ధుల సంక్షేమ నిధికి పోతుంది. 25 ఏళ్ల లోపు అడిగితే తిరిగి యిస్తారు, అటుపైన అది ప్రభుత్వానిదే.

పీఎఫ్ సంస్థ 2023 జనవరి నుంచి ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' శిబిరాలు మొదలుపెట్టింది. వాటిని బీడీ కార్మికులు ఎక్కువగా వున్న వూళ్లలోనే పెట్టి, కార్ఖానా యజమానుల చేత పాత రిజిస్టర్లు అక్కడికి తెప్పించాలి. అవి చెదల పాలు కాకముందే ఈ పని జరగాలి.