చచ్చినా చోటివ్వని ఊరు

యూరప్ చూసొచ్చిన మన పెద్దమనుషులు ప్రాగ్ నగరంలోని పాత యూదు శ్మశానం గురించి తెగ చెబుతుంటారు. రాళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి ఎంత అందంగా ఉంటాయో అని పరవశించిపోతుంటారు. మేమూ చూశాం. చెట్ల నీడ ఉంది, ప్రశాంతంగానూ ఉంది. కానీ అయ్యా, ఆ రాళ్ళు ఎందుకు ఒరిగాయి? ఆ ఒక్క ప్రశ్న మీరెందుకు అడగరు?

జాగా లేక ఒరిగాయి! యూదులు వాళ్ళకి విధించిన పేటలోనే బతకాలి, చస్తే అక్కడే పూడ్చుకోవాలి. చాలక పక్కనున్న ముక్కలు కొన్నారు. అవీ చాల్లేదు. పాత సమాధిని కదపకూడదని వాళ్ళ మతం కట్టుబాటు. అందుకని పైన మట్టి పోసి ఆ మట్టిలో కొత్త శవాన్ని పెట్టారు. కింది రాయిని పైకి తెచ్చి కొత్త రాయి పక్కన నిలబెట్టారు. అలా కొన్నిచోట్ల పది పన్నెండు పొరలు లేచాయంటారు. 1787లో పూడ్చడం ఆగిపోయేదాకా ఇదే పద్ధతి. ఇవాళ పైకి కనిపించే రాళ్ళు సుమారు 12,000. అడుగున ఉన్న మనుషులు అంతకు ఎన్నో రెట్లు. మీరు ఫోటోలు తీసుకున్న అందం ఇదీ!

అక్కడ అన్నిటికన్నా పాత రాయి 1439 నాటిది, అవిగ్దోర్ కారా అనే పండితుడిది. 1389లో ఈస్టర్ పండగ రోజుల్లో ఊరి జనం యూదుల పేట మీద పడి ఊచకోత కోశారు. బతికి బయటపడ్డ కారా ఆ చావుల మీద శోకగీతం రాశాడు. చంపినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఆయన రాయి మాత్రం ఉంది.

శ్మశానం పక్కనే పింకాస్ ప్రార్థనా మందిరం. నాజీలు చంపిన చెక్ యూదుల పేర్లు, దాదాపు 78,000, గోడల మీద రాసి ఉన్నాయి. 1950లలో రాశారు. 1968లో చెమ్మ పేరు చెప్పి మూసేశారు. కమ్యూనిస్టు పాలన ఉన్నన్నాళ్ళూ జనానికి తెరవలేదు. పేర్లు చెడిపోతే 1990లలో మళ్ళీ మొదట్నుంచీ రాయాల్సొచ్చింది. 2020లో అదే నగరం నడిబొడ్డున, వెన్సెస్లాస్ కూడలిలో, బాట రాళ్ళు పెకిలిస్తే వాటి అడుగున హీబ్రూ అక్షరాలు బయటపడ్డాయి. కమ్యూనిస్టుల కాలంలో యూదుల సమాధి రాళ్ళు కోసి జనం కాళ్ళ కింద పరిచారు! వర్గం తప్ప ఇంకేం లేదనే మన కామ్రేడ్లు దీనికేమంటారు?

బాబాసాహెబ్ రాతప్రతి ఒకటి ఆయన పోయాక 1989లో అచ్చయింది. అంటరానివాళ్ళని భారతదేశపు ఘెట్టో బిడ్డలని ఆయన దానికి పేరు పెట్టాడు. ఇద్దరి బాధా ఒక్కటేనని మేం అనడం లేదు. యూదుల చేతిలో అక్షరం ఉంది. అందుకే రాయి మీద పేరు నిలిచింది. మన తాతలకి రాయీ లేదు, దాని మీద చెక్కే అక్షరాన్నీ దగ్గరకి రానివ్వలేదు. ప్రాగ్ ఘెట్టోకి కన్నీళ్ళు కార్చే పెద్దమనుషులు తమ ఊళ్ళో మాల మాదిగల శ్మశానం ఎక్కడుందో, అందులో ఎంత కలిపేసుకున్నారో చెప్పగలరా?

చుండూరు మనకి దారి చూపింది. 1991 ఆగస్టు 6న నరికి చంపిన మనవాళ్ళని పూడ్చిన చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు చెరిగిపోయింది గానీ ఆ సమాధులు చెరగలేదు. ఇప్పటికీ సాక్ష్యం చెబుతున్నాయి.

అందుకే అడుగుతున్నాం. ప్రతి వాడ శ్మశానాన్నీ రెవెన్యూ రికార్డులోకి ఎక్కించాలి. సర్వే చేసి హద్దురాళ్ళు పాతాలి. ఆక్రమించినవాళ్ళని ఖాళీ చేయించాలి. ఇది సర్కారు పని. మన పని ఇంకోటుంది. మన పిల్లలు బడికెళ్ళి నేర్చిన అక్షరంతో ముందు మన పెద్దల పేర్లు రాయించండి. ఏ తాత పేరూ రాయి లేకుండా మట్టిలో కలవడానికి వీల్లేదు.

జై భీమ్!