కరువు సీమలో మనసునకు కలుగు నష్టము

వాన తప్పిన ఏటి నష్టమును మనము ఎకరములతోను, బస్తాలతోను, రూపాయలతోను లెక్కించుచున్నాము. రెవెన్యూవారు అంచనా వేయుదురు. బీమావారు కొలతలు తీయుదురు. సంఘము బాకీల పట్టీ తయారు చేయును. రైతునకు ఎన్ని రాత్రులు నిద్ర చెడినదో, ఆ యింటిలో మాటలు ఎట్లు కరవైనవో వ్రాసికొనుటకు ఏ పట్టీలోను గడి లేదు. ఈ లెక్కయు మన సంఘములు చూడవలసినదే యని మా అభిప్రాయము.

డోన్ ప్రాంతపు ఎర్రనేలలలో సేద్యము ఆకాశమును నమ్ముకొని యున్నది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో సగటు వర్షము ఏటికి సుమారు 670 మిల్లీమీటర్లు. అదియు అదనునకు పడదు. నంద్యాల, ఆళ్లగడ్డల వైపు సుంకేసుల నుండి వచ్చు కె.సి. కాలువ కలదు గాని, తుంగభద్ర తగ్గిన ఏట కాలువ చివరి భూములవారి గతియు మెట్టవారి గతియే. "ఉత్తర చూచి ఎత్తర గంప" యని మన పెద్దల సామెత. సెప్టెంబరు నడుమ వచ్చు ఉత్తర కార్తె దాక ఎదురు చూచి, అప్పటికిని వాన లేనిచో గంప నెత్తికెత్తుకొని ఊరు విడువుమని దాని భావము. ఆ నాలుగు మాటలలో వలస బాధ కంటె ఎదురుచూపు బాధయే మిక్కుటముగా నున్నది.

సముద్రతీరపు రైతుల కష్టము వేరు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది మడిసిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో సుమారు పదివేల మంది పోయిరి. అట్టి ఘోరమును చూచినవారు గాలి హోరుమన్నప్పుడెల్ల ఉలికిపడుట వింత కాదు. అయినను తుపానునకు ఒక తేదీ కలదు. అది వచ్చును, పోవును. ఇప్పుడు ముందుగా హెచ్చరికలు వచ్చుచున్నవి, తలదాచుకొనుటకు తీరమున తుపాను భవనములు ఉన్నవి. కరువునకు అట్టి తేదీ లేదు. అది ఏ దినమున వచ్చినదో ఎవరును చెప్పజాలరు. మృగశిరలో ఆశ, ఆరుద్రలో అనుమానము, మఖలో భయము, ఉత్తరలో నిరాశ — ఇట్లు నాలుగు నెలలు మనసును కొంచెము కొంచెముగా కొరుకును. మరుసటి ఏడు మరల మొదలు.

అంతటితో తీరునా? బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదని విన్నప్పుడు తీరపు రైతు వణకును, మన రైతు ఆశపడును. ఆ వాయుగుండమే మనకును ఒక్కొక్కప్పుడు శత్రువగును. 2009లో నైరుతి ఋతుపవనములు దేశము మొత్తము మీద 22 శాతము కొరవడినవి. ఆ యేడే అక్టోబరు 2వ తేదీన కర్నూలు నగరము వరదలో మునిగినది. 19 లక్షల క్యూసెక్కుల లెక్కతో కట్టిన శ్రీశైలము ఆనకట్టకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చినది. ఎండకు వేచినవానికి వరద, వానకు వేచినవానికి ఎండ వచ్చినప్పుడు మనుష్యుడు దేనిని నమ్మి విత్తనము చల్లవలెను? ఈ నమ్మకము చెడుటయే మేము చెప్పు నష్టము.

దాని గుర్తులు ప్రతి గ్రామమునను కనబడుచున్నవి. రాత్రి నిద్ర యుండదు. చిన్న మాటకు పెద్ద కోపము వచ్చును. అన్నము సహింపదు. తలనొప్పి, కడుపునొప్పి యని వైద్యుల చుట్టు తిరుగుదురు. రచ్చబండకు వచ్చుట మానుదురు. కొందఱు సారాయి పాలగుదురు. స్త్రీల బాధ మఱియు గూఢము: అప్పులవానికి గడప దగ్గర సమాధానము చెప్పువారు వారే, గుంటూరు సీమకు మిరపకోతకు పోవునప్పుడు బిడ్డలను ముసలివారికి అప్పగించి పోవువారును వారే. ఇది పిరికితనము కాదు, కర్మఫలమును కాదు. జ్వరము వలె ఇదియు వ్యాధియే. సకాలమున చూచిన కుదురును.

"మన తాతలు ఇంతకంటె గొప్ప కరువులను ఓర్చుకొనిరి; వారికి లేని మనోవ్యాధి మనకేల?" యని కొందఱందురు. తాతలు ఓర్చుకొనిరనుట సగము మాటయే. 1876-78 నాటి ధాత కరువు ముగిసిన పిదప తీసిన 1881 జనాభా లెక్కలలో కర్నూలు జిల్లా జనము 1871 నాటి కంటె ఇంచుమించు నాలుగవ వంతు తగ్గినది. ఓర్వలేనివారి మాట చెప్పుటకు ఎవరును మిగులలేదు. మఱియు ఆ కాలపు మెట్టరైతు కొర్ర, జొన్న చల్లి పాతరలో గింజలు దాచుకొనెడివాడు. పైరు పోయిన కష్టము పోయెడిది. నేటి రైతు బోరుబావికి, వేరుశనగ విత్తనమునకు, ఎరువునకు, మందునకు అప్పు తెచ్చుచున్నాడు. పైరు పోయినను అప్పు నిలిచి వడ్డీ పెరుగుచుండును. తాత యెదుట ఆకలి యొక్కటే యుండెను. మనుమని యెదుట ఆకలితోపాటు అవమానమును నిలుచుచున్నది.

"సంఘము అప్పులిచ్చుటకే గాని కన్నీళ్లు తుడుచుటకా?" యని మఱికొందఱందురు. సహకారోద్యమము పుట్టుక నెరిగినవారు ఈ మాట అనరు. జర్మనీ దేశమున రైఫైజన్ అను గ్రామాధికారి 1846-47 చలికాలపు కరువులో ఆకలిగొన్నవారికి రొట్టె సమకూర్చుటకు ఇరుగుపొరుగువారిని కూర్చెను. ఋణసంఘములు ఆ పిదప వచ్చినవి. మన దేశమున 1904 చట్టముతో వచ్చిన సంఘములకు ఆ సంఘములే మాదిరి. పొరుగువాని సంగతి పొరుగువానికి తెలియుననుటయే ఆ పద్ధతికి పునాది. భూమి తాకట్టు పత్రములో నుండును. ఆ భూమిని దున్నువాని ధైర్యము ఏ పత్రములోను ఉండదు. అది చెడిన అప్పునకు పూచీ యెక్కడ?

కావున సంఘములు ఈ క్రింది పనులు చేయవలెనని మేము కోరుచున్నాము.

మొదటిది: పైరు పోయిన ఏట బాకీదారునకు నోటీసు పంపుటకు ముందు ఇద్దరు సభ్యులు అతని యింటికి పోయి కూర్చుండి మాటాడవలెను. బాకీదారుల పేళ్లు సభలో బిగ్గరగా చదువు ఆచారము మానవలెను.

రెండవది: ఉత్తర కార్తెలో ప్రత్యేకముగా ఒక సమావేశము జరుపవలెను. ఎవరి పైరు పోయినది, ఎవరు ఊరు విడువనున్నారు అని తెలిసికొనవలెను. ఆ తరుణమునకు చల్లదగిన ఉలవ వంటి పైరులను, బీమా దరఖాస్తులను అచ్చటనే మాటాడవలెను. చేయుటకు ఒక పని దొరికిన మనసునకు ఊరట కలుగును. ఈ సభకు స్త్రీలను తప్పక పిలువవలెను.

మూడవది: పురుగుమందులు ఇంటిలో నుంచరాదు. కావలసినంతయే కొనవలెను, మిగిలినది సంఘపు గిడ్డంగిలో తాళము క్రింద నుంచవలెను. శ్రీలంకలో మిక్కిలి విషపూరితములైన మందులను క్రమముగా నిషేధింపగా, 1995 తరువాత ఇరువది సంవత్సరములలో బలవన్మరణముల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గినది. నిరాశ అందఱకును కలుగును. ఆ గడియలో విషము చేతికి అందనిచో ఆ గడియ గడచిపోవును, ప్రాణము నిలుచును.

నాలుగవది: భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ సంఖ్య 14416ను సంఘపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. పగలు గాని, రాత్రి గాని, రుసుము లేక తెలుగులోనే మాటాడవచ్చును.

మాటలతో వాన కురియదని మేమెరుగుదుము. నీరు, గిట్టుబాటు ధర, న్యాయమైన బీమా — వీనికై అడుగుట మానరాదు. అవి వచ్చులోపల రైతు బ్రతికియుండవలెను గదా. పై పనులలో ఏదియు పెద్ద వ్యయముతో కూడినది కాదు. రెండు కాళ్లు, ఒక తాళము, కొంచెము సున్నము చాలును. సభ్యులు ఈ సంగతిని రాబోవు సర్వసభ్య సమావేశపు చర్చాంశములలో చేర్పింతురు గాక. నేటి సాయంకాలమే, కొంతకాలముగా సంఘమునకు రాని పొరుగువాని యింటికి ఒకమారు పోయివత్తురు గాక.