ఆ గోడ కట్టమన్నది భక్తులే

టెక్సస్ ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్‌లోని పది ఆజ్ఞల పోస్టరు పెట్టాలని అక్కడి శాసనసభ 2025లో చట్టం చేసింది. సెనేట్ బిల్లు 10గా వచ్చిన ఈ చట్టం మీద గవర్నర్ గ్రెగ్ ఎబట్ జూన్‌లో సంతకం చేశారు. సెప్టెంబర్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పోస్టరు వెడల్పు 16 అంగుళాలకు, ఎత్తు 20 అంగుళాలకు తగ్గకూడదు. మామూలు చూపున్న పిల్లవాడికి గదిలో ఏ మూల కూర్చున్నా అక్షరాలు కనబడాలి. దాతలు పోస్టర్లు తెచ్చిస్తే బడి కాదనడానికి వీల్లేదు. ఏ వాక్యాలు రాయాలో కూడా చట్టంలోనే అచ్చువేశారు. ఆ రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో దాదాపు 55 లక్షల మంది చదువుతున్నారు.

ఈ పోస్టరులో మొదట్లోనే రెండు మాటలు ఉంటాయి. తాను తప్ప వేరే దేవుళ్లు ఉండకూడదన్నది ఒకటి. విగ్రహాలు చేసుకోకూడదన్నది రెండోది. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి శని ఆదివారాల్లో అమ్మానాన్నలతో వెళ్లి ప్రదక్షిణం చేసిన ఎనిమిదేళ్ల పాప సోమవారం బడికి వెళ్తుంది. తన ఇంట్లో జరిగే పూజ తప్పని గోడ మీద చదువుకుంటుంది. ఆ మాట అన్నది పక్కింటివాళ్లయితే తల్లి సర్దిచెప్పుకోగలదు. అంటున్నది ప్రభుత్వమే అయినప్పుడు ఆ పిల్లకు ఎవరు ఏం చెప్పాలి?

ఇది లేనిపోని భయం అనుకునేవాళ్లు ఒక ఘటన గుర్తు చేసుకోవాలి. హ్యూస్టన్ దగ్గర షుగర్‌లాండ్‌లోని అష్టలక్ష్మి ఆలయంలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహాన్ని 2024 ఆగస్టులో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో ప్రతిష్ఠించారు. ఏడాది తిరిగాక, రిపబ్లికన్ పార్టీ తరఫున సెనేట్‌కు పోటీ చేయాలనుకున్న అలెగ్జాండర్ డంకన్ ఆ విగ్రహం వీడియో పెట్టి, మనది క్రైస్తవ దేశం, ఈ అబద్ధపు దేవుడి బొమ్మను ఇక్కడ ఎందుకు ఉండనిస్తున్నామని అడిగారు. అందుకు ఆధారంగా చూపింది నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలోని వాక్యాలను. తరగతి గది పోస్టరులో ఉన్నవీ అవే ఆజ్ఞలు. ఒక అభ్యర్థి మాటలను పార్టీకంతటికీ, క్రైస్తవులందరికీ అంటగట్టడం అన్యాయం. అయితే ప్రభుత్వ ముద్రతో ఒక వాక్యం బడి గోడ మీదికి ఎక్కితే, రేపు దాన్ని ఎవరు ఎలా వాడుకుంటారో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అమెరికాలో ఈ వాదన సాగే తీరు చూస్తే ఒక పక్క దేవుణ్ణి నమ్మేవాళ్లు, మరో పక్క నమ్మనివాళ్లు నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది. చరిత్ర అలా లేదు. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని అందరికంటే ముందు అడిగింది భక్తులే, అందులోనూ ముఖ్యంగా బాప్టిస్టులు. వాళ్లు ఊరికే అడగలేదు, దెబ్బలు తిని అడిగారు. 1651లో మసాచుసెట్స్‌లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టు బోధకుడిని బోస్టన్ వీధిలో మూడు పేటల కొరడాతో 30 దెబ్బలు కొట్టారు. కొట్టించినవాళ్లూ క్రైస్తవులే. బాప్తిస్మం పసిబిడ్డకు ఇవ్వాలా, తెలిసి నమ్మిన వయసులో తీసుకోవాలా అన్నదే తేడా. రాజ్యం చర్చిలో వేలు పెడితే చర్చే పాడవుతుందని ఆ కాలంలోనే రాసిన రోజర్ విలియమ్స్ కూడా పాస్టరే. మసాచుసెట్స్ వెళ్లగొడితే పోయి 1636లో ప్రావిడెన్స్ పట్నం కట్టుకున్నాడు. వర్జీనియాలో 1760లు, 70లలో లైసెన్సు లేకుండా వాక్యం చెప్పారని బాప్టిస్టు బోధకులను జైళ్లలో పెట్టారు.

ఇక అసలు గోడ సంగతి. కనెక్టికట్ రాష్ట్రంలో 1818 దాకా కాంగ్రిగేషనల్ చర్చి ప్రభుత్వ చర్చి. ఆ చర్చి పోషణకు జనం పన్ను కట్టాలి. తాము వేరే సంఘం వాళ్లమని ధ్రువపత్రం దాఖలు చేసుకుంటేనే మినహాయింపు. డాన్‌బరీ ప్రాంతపు బాప్టిస్టులు 1801 అక్టోబర్‌లో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు ఉత్తరం రాశారు. తమ మతస్వేచ్ఛను ఇక్కడ హక్కుగా గుర్తించడం లేదని, ప్రభుత్వం దయదలిచి ఇచ్చినట్టుగా చూస్తున్నారని వాళ్ల బాధ. 1802 జనవరి 1న జెఫర్సన్ ఇచ్చిన జవాబులోనే చర్చికీ రాజ్యానికీ నడుమ గోడ అన్న మాట ఉంది. 1947లో సుప్రీంకోర్టు తన తీర్పులో ఆ మాటను తీసుకున్నాక అది దేశమంతటా జనం నోళ్లలో నానింది.

అటువైపు వాదించేవాళ్ల చేతిలోనూ చరిత్ర ఉంది. దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ఆ ఉత్తరం రాసిన రెండు రోజులకే జెఫర్సన్ ప్రతినిధుల సభ మందిరంలో జరిగిన ఆరాధనకు వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు ప్రసంగించింది బాప్టిస్టు బోధకుడు జాన్ లీలాండ్. 1954లో జెండా వందనం ప్రతిజ్ఞలో దేవుడి ప్రస్తావన చేర్చారు, 1956లో దేవుణ్ణి నమ్ముతామన్న మాటను జాతీయ నినాదం చేశారు. టెక్సస్ శాసనసభ ఆవరణలో పది ఆజ్ఞల రాతి ఫలకం ఉంది, 2005లో సుప్రీంకోర్టు దాన్ని ఉండనిచ్చింది. అమెరికా సమాజంలో క్రైస్తవం పాత్ర ఎంత పెద్దదో కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ అదే దేశపు రాజ్యాంగంలోని ఆరో అధికరణం ప్రభుత్వ పదవికి మతం అర్హత కాకూడదని కచ్చితంగా చెప్పింది. ట్రిపోలీతో చేసుకున్న సంధిలో అమెరికా ప్రభుత్వం క్రైస్తవ మతం పునాది మీద ఏర్పడింది కాదని రాసి ఉంటే, 1797లో సెనేట్ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదించింది.

ఫలకానికీ పోస్టరుకూ తేడా ఉంది. శాసనసభ ఆవరణలో నడిచే పెద్దమనిషికి ఇష్టమైతే ఆగి చదువుతాడు, లేకుంటే తన దారిన పోతాడు. బడికి వెళ్లడం పిల్లలకు చట్టం పెట్టిన విధి. లెక్కలు చెప్పే టీచరు వెనక గోడ మీద ఏది ఉంటే పిల్లలకు అదీ పాఠమే.

బలవంతం ఏముంది, మంచి మాటలే కదా అంటారు సమర్థకులు. దొంగతనం చేయకు, హత్య చేయకు, తల్లిదండ్రులను గౌరవించు అన్నవాటిని ఏ మతమూ కాదనదు. వాటిని చెప్పడానికి ఈ ఆజ్ఞలు వెలువడిన సీనాయి పర్వతం పేరే ఎత్తాలని లేదు. మొదటి ఆజ్ఞలన్నీ దేవుణ్ణి ఎలా కొలవాలన్న విషయమే చెబుతాయి. పోస్టరు మొదటి మాట వద్దన్న పనిని, అంటే ఎవరికి నచ్చిన దేవుణ్ణి వాళ్లు కొలుచుకోవడాన్ని, అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ హక్కుగా ఇచ్చింది. ఒకే గోడ మీద రెండూ ప్రభుత్వం మాటే అయితే పిల్లలు దేన్ని నమ్మాలి?

పైగా ఈ ఆజ్ఞలకు క్రైస్తవుల్లోనే ఒకే పాఠం లేదు. యూదులు, కేథలిక్కులు, లూథరన్లు, మిగతా ప్రొటెస్టెంట్లు వీటిని వేర్వేరుగా లెక్కపెడతారు. విగ్రహాల ప్రస్తావనను కేథలిక్కులు మొదటి ఆజ్ఞలో కలిపేస్తారు. తెలుగు ప్రొటెస్టెంట్ల లెక్కలో అది రెండో ఆజ్ఞ. టెక్సస్ చట్టంలోని వాక్యాలు కింగ్ జేమ్స్ బైబిల్ ధోరణిలో ఉన్నాయి. శాసనసభ ఒక పాఠాన్ని ఎంచుకున్న క్షణమే ఒక సంఘం పక్షాన నిలబడినట్టయింది. ఇలా ఎంచుకోవడం ఎక్కడిదాకా పోతుందో 1844లో ఫిలడెల్ఫియా చూసింది. అక్కడి ప్రభుత్వ బడుల్లో కింగ్ జేమ్స్ బైబిలే చదివించేవారు. మా పిల్లలను మా బైబిల్ చదువుకోనివ్వండని కేథలిక్ బిషప్ కెన్రిక్ అడిగారు. బైబిల్‌నే బడి నుంచి తీసేయమంటున్నారన్న పుకారు పుట్టింది. ఆ వేసవి అల్లర్లలో రెండు కేథలిక్ చర్చిలు కాలి బూడిదయ్యాయి, కనీసం 20 మంది చనిపోయారు. చర్చిలు తగలబెట్టినవాళ్లు తాము బైబిల్‌ను కాపాడుతున్నామనే అనుకున్నారు.

కోర్టుల దగ్గరికి వస్తే, ఇది తేలని ప్రశ్నేమీ కాదు. 1962లో న్యూయార్క్ బడుల్లో ప్రభుత్వం రాసిచ్చిన 22 మాటల ప్రార్థనను సుప్రీంకోర్టు కొట్టేసింది. 1980లో కెంటకీ రాష్ట్రపు పది ఆజ్ఞల పోస్టర్లనూ కొట్టేసింది. అవి కూడా 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తువే, దాతల డబ్బుతో చేయించినవే. టెక్సస్ పోస్టరుకూ వాటికీ కొలతల్లో తేడా లేదు. మారింది కోర్టు. 2022లో బ్రెమర్టన్ ఫుట్‌బాల్ కోచ్ జోసెఫ్ కెనెడీ మైదానంలో చేసుకున్న ప్రార్థనను 6-3తో సమర్థిస్తూ, ఇకపై చరిత్రనూ సంప్రదాయాన్నీ చూసి తేలుస్తామంది. పాత తీర్పుకు కాలం చెల్లిందన్న ధైర్యంతో లూసియానా 2024లో, టెక్సస్ 2025లో చట్టాలు చేశాయి. ఒక కోచ్ తన మొక్కు తాను మొక్కుకోవడం వేరు, శాసనసభ కూర్చుని దేవుడి వాక్యాన్ని ఎంచి, కొలతలు నిర్ణయించి, ప్రతి పిల్లవాడి ముందూ పెట్టించడం వేరు. రెండింటినీ ఒక గాటన కట్టలేం.

లూసియానా చట్టం చెల్లదని 2025 జూన్‌లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు త్రిసభ్య ధర్మాసనం తేల్చింది. ఆగస్టులో ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బీరీ టెక్సస్‌లోని 11 స్కూల్ డిస్ట్రిక్టుల్లో పోస్టర్లను తాత్కాలికంగా ఆపారు. ఆ పదకొండులో ప్లేనో కూడా ఉంది. తర్వాత అక్టోబర్‌లో రెండు కేసులనూ అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం విచారణకు తీసుకుంది. చివరి మాట సుప్రీంకోర్టుదే. టెక్సస్ కేసు వేసిన కుటుంబాల్లో యూదులు, హిందువులు, మతం లేనివాళ్లతో పాటు క్రైస్తవులూ ఉన్నారు. బిడ్డకు దేవుడి మాట ఎప్పుడు, ఎలా చెప్పాలో తాము, తమ చర్చి చూసుకుంటామని, శాసనసభ్యుల సాయం అక్కర్లేదని ఆ క్రైస్తవ తల్లిదండ్రుల వాదన. 2023లో ఇలాంటి బిల్లే వచ్చినప్పుడు, ప్రెస్బిటేరియన్ సెమినరీలో చదువుకున్న శాసనసభ్యుడు జేమ్స్ టలరికో కూడా సభా కమిటీలో ఇది క్రీస్తు బోధకే విరుద్ధమని వాదించారు.

క్రైస్తవులు రాజకీయాల్లోకి రాకూడదని ఎవరైనా అంటే అది అంతకంటే పెద్ద తప్పు. నల్లజాతి చర్చి లేకుండా పౌరహక్కుల ఉద్యమం లేదు. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన అట్లాంటా ఎబెనెజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు రాఫెల్ వార్నాక్ ఈ రోజు సెనేటర్. విశ్వాసం మనిషిని న్యాయం కోసం నిలబెడితే అది ప్రజాజీవితానికి బలం. వాళ్లు మాటతో ఒప్పించారు, నడిచి చూపించారు. పోలీసునూ పన్నునూ బడి గంటనూ తమ దేవుడి పనికి పెట్టుకోలేదు.

తెలుగు నేలకు ఈ కథతో దగ్గర సంబంధమే ఉంది. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాలను నాటింది అమెరికా బాప్టిస్టులే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. కూలి ప్రభుత్వానిది, పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. యర్రగుంట్ల పేరయ్య వంటి తెలుగు బోధకుల మాట విని బాప్తిస్మం అడిగినవాళ్లు వందల్లో ఉన్నా, కరువు పని నడిచినన్నాళ్లూ క్లౌ ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం నమ్మారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. పని ముగిశాక వచ్చినవాళ్లకే ఇచ్చారు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీల కాలం మీద అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. అయినా ప్రభుత్వ కూలికీ దేవుడి పిలుపుకూ మధ్య ఎడం ఉంచాలన్న ఆ పట్టింపు టెక్సస్ శాసనసభలో కనబడదు.

ప్రభుత్వ అండ ఉంటే మతం నిలుస్తుందన్నదీ అనుభవంలో తేలని మాట. ఇంగ్లండ్‌లో ఈనాటికీ రాజే చర్చికి అధిపతి, 26 మంది బిషప్‌లకు ప్రభువుల సభలో కుర్చీలున్నాయి, ఆదివారం చర్చిలు మాత్రం పలచబడిపోయాయి. గోడ ఉన్న అమెరికాలోనే చర్చిలు ఎక్కువ కాలం నిండుగా ఉన్నాయి. అక్కడ కూడా క్రైస్తవులమని చెప్పుకునేవాళ్లు 2007లో 78 శాతం ఉంటే, ప్యూ రీసెర్చ్ సెంటర్ తాజా పెద్ద సర్వేలో 62 శాతానికి వచ్చారు. తగ్గుతున్నామన్న దిగులే ఈ చట్టాల వెనక ఉందని అర్థం చేసుకోవచ్చు. దానికి మందు బడి గోడ దగ్గర దొరకదు.

ఆ పోస్టర్లు దిగిపోవాలి. టెక్సస్‌లోని తెలుగు తల్లిదండ్రులు కోర్టుల మీదే భారం వేసి కూర్చోకుండా స్కూల్ బోర్డు సమావేశాలకు వెళ్లాలి. వీసా మీద ఉన్నవాళ్లకు ఓటు లేకపోయినా అక్కడ మాట్లాడే అవకాశం ఉంది. పౌరసత్వం వచ్చినవాళ్లు ట్రస్టీల ఎన్నికల్లో ఓటు వేయాలి. తమతో నిలబడిన క్రైస్తవ కుటుంబాలతో కలిసి వెళ్లాలి. అక్కడ మన పిల్లల కోసం కోరే న్యాయాన్ని ఇక్కడ గుంటూరులో, నల్గొండలో ప్రభుత్వ బడికి వెళ్లే క్రైస్తవ, ముస్లిం పిల్లలకూ కోరాలి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే ఏ విద్యాసంస్థలోనూ మతబోధ చేయరాదని మన రాజ్యాంగం 28వ అధికరణంలో 1950 నుంచి రాసి ఉంది.