పొలానికున్న కొలబద్ద సంస్థకు లేదా?

గాజువాక ఉక్కు కర్మాగారం పనితీరు చర్చకు వచ్చిన ప్రతిసారీ ఒక పోలిక ముందుకు వస్తుంది: టన్ను ఉక్కు తయారీకి టాటా స్టీలు, సెయిల్ సంస్థల కంటే విశాఖలో ఖర్చెక్కువ అని. అంకె నిజమే కావచ్చు, పోలిక మాత్రం అసంపూర్ణం. ఆ రెండు సంస్థలకు సొంత ఇనుప ఖనిజ గనులున్నాయి. 1982లో ఏర్పడిన రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌కు అవి లేవు. బైలదిల్లా గనుల ఖనిజాన్ని అది ఎన్.ఎం.డి.సి. వద్ద ధర చెల్లించి కొనుక్కోవలసినదే. గనుల లేమి వల్ల పెరిగిన ఖర్చును అసమర్థతగా లెక్కకట్టడం, మెట్ట రైతు దిగుబడిని కాలువ కింది రైతు దిగుబడితో పోల్చి అతనిని సోమరి అనడం వంటిది.

అంతమాత్రాన పోలికే వద్దనడం కూడా సరికాదు. టన్ను ఇనుముకు ఎంత కోకు ఖర్చయింది, బ్లాస్ట్ ఫర్నేసు ఘనమీటరుకు రోజుకు ఎంత ఇనుము ఇచ్చింది, టన్ను ఉక్కుకు ఎంత శక్తి పట్టింది అన్న కొలతలకు గని ఎవరిదన్న దానితో సంబంధం స్వల్పం. ముడిసరుకు నాణ్యతకు కొంత మినహాయింపు ఇచ్చిన తరువాత కూడా అక్కడ వెనుకబడితే కారణాన్ని సంస్థ లోపలే వెదకాలి. పరిస్థితి వల్ల వచ్చిన తేడాను, పనితీరు వల్ల వచ్చిన తేడాను విడదీయడమే స్వీయ మూల్యాంకనంలో తొలి పని. బెంచ్‌మార్కింగ్ ఆ తరువాతిది.

ఈ విభజన కేవలం పండితుల చర్చ కాదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం ఈ సంస్థలో ప్రభుత్వ వాటాను 100 శాతం ఉపసంహరించుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. 2025 జనవరిలో అదే కేంద్రం రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది. వ్యాధి నిర్ధారణ మారితే చికిత్స ఎంతగా మారుతుందో ఈ రెండు నిర్ణయాల మధ్య కనిపిస్తుంది. 1988లో 14 యూరోపియన్ కంపెనీలు కలిసి నెలకొల్పిన నాణ్యతా సంస్థ తన మూల్యాంకన నమూనాలో సమాజంపై సంస్థ ప్రభావాన్ని కూడా చేర్చింది. ఆ గడిని నిజాయితీగా నింపితే, కర్మాగారానికి భూములిచ్చి ఆర్ కార్డులతో ఉద్యోగాలకై ఎదురుచూసిన నిర్వాసితుల లెక్క కూడా అందులోకి రావాలి. లాభనష్టాల పట్టికలో వారికి చోటు లేదు.

వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తకు ఈ విద్య కొత్తది కాదు. ప్రథమ శ్రేణి ప్రదర్శన క్షేత్రం దిగుబడికి, రైతు పొలం దిగుబడికి నడుమ తేడాను విస్తరణ అంతరమని, వంగడపు సామర్థ్యానికి, ప్రదర్శన దిగుబడికి నడుమ తేడాను సాంకేతిక అంతరమని ప్రతి సీజనులోనూ లెక్కిస్తూనే ఉన్నారు. అది రైతుకు చేస్తున్న బెంచ్‌మార్కింగే. విచిత్రమేమిటంటే, అంతరాలను ఇంత శ్రద్ధగా కొలిచే కేంద్రాల వార్షిక నివేదికలు తమ వంతు వచ్చేసరికి శిక్షణల సంఖ్య, హాజరైన రైతుల సంఖ్య వద్ద ఆగిపోతుంటాయి. శిక్షణ పొందిన రైతులలో మూడవ ఏటా ఆ పద్ధతిని పాటిస్తున్నవారెందరు? వదిలివేసినవారు ఎందుకు వదిలివేశారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబులుంటే పది పేజీల ఛాయాచిత్రాలు అవసరముండదు.

పోల్చదగిన జోడీని ఎంచుకోవడంలోనూ గాజువాక పాఠం పనికివస్తుంది. చింతపల్లి ఏజెన్సీ కొండవాలులో పనిచేసే బృందాన్ని అనకాపల్లి మైదానంలో పనిచేసే బృందంతో దిగుబడి అంకెలలో పోల్చడం అన్యాయం. సలహా అడిగిన రైతుకు ఎన్ని రోజులలో సమాధానం అందింది, భూసార పరీక్షా ఫలితం విత్తే లోపున చేరిందా అన్న వాటిలో మాత్రం, దూరాభారాన్ని గమనంలో ఉంచుకొని, పోల్చవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంస్థలకూ ఇదే వర్తిస్తుంది. టర్నోవరు కంటే సభ్యులు తమ పంటలో ఎంత భాగాన్ని సంస్థ ద్వారా అమ్ముతున్నారన్నది నమ్మదగిన కొలత.

లోపాన్ని రాతపూర్వకంగా ఒప్పుకుంటే నిధులకు, పదోన్నతులకు ముప్పని భయపడేవారున్నారు. ఆ భయం నిరాధారం కాదు. అందుచేత విశ్వవిద్యాలయాలు కనీసం తొలి మూడేళ్లు స్వీయ మూల్యాంకన నివేదికలను వ్యక్తిగత పనితీరు నివేదికల నుండి పూర్తిగా వేరుచేసి, ఒకే వ్యవసాయ వాతావరణ మండలంలోని కేంద్రాలు పరస్పరం చదువుకునేందుకు మాత్రమే ఇవ్వడం మేలు.