టన్నులు పెరిగినా తరుగుతున్న జాతులు
కొల్లేరులో కనుమరుగవుతున్న నాటు చేపలు
అడ్డుగట్లు, మురుగు, పరాయి జాతులే ప్రధాన కారణాలు

ఏలూరు: కొల్లేరు పరిసరాల నుంచి మంచుతో నింపిన చేపల లారీలు నిత్యం పశ్చిమ బెంగాల్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు తరలివెళుతుంటాయి. చేపల దిగుబడిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే అగ్రస్థానంలో నిలవడానికి ఈ ప్రాంతం ఒక ముఖ్య ఆధారం. అయితే ఆ లారీలలో అధికంగా ఉండేవి బొచ్చె, శీలావతి, ఫంగస్, రూప్‌చంద్ వంటి కొద్ది రకాలే. సరస్సులో సహజంగా పుట్టి పెరిగే కొర్రమేను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, వాలుగ, బొమ్మిడాయి, జెల్ల, పరిగె వంటి నాటు చేపలు మత్స్యకారుల వలలకు చిక్కడం నానాటికీ తగ్గుతోంది. చెరువులో మేత వేసి పెంచిన చేపనూ, సరస్సులో పుట్టిన చేపనూ టన్నులలో కలిపి లెక్కించడంతో ఈ నష్టం గణాంకాలకు అందడం లేదు.

దారికి అడ్డుపడిన గట్లు

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తదితర వాగులు, కాలువల నీరు కొల్లేరుకు చేరి ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలో కలుస్తుంది. తొలకరి వరదకు సరస్సు అంచులలోని లోతు తక్కువ గల గడ్డి నేలలు మునగగానే అనేక జాతుల చేపలు అక్కడికి ఎగబాకి గుడ్లు పెడతాయి. పిల్లలకు మేత, మరుగు దొరికేది ఆ నేలలలోనే. 1970 దశకం మధ్యలో ప్రభుత్వం సహకార సంఘాల ద్వారా చేపల చెరువుల తవ్వకానికి తెరతీసింది. తరువాత పెట్టుబడిదారుల ప్రవేశంతో అవి విచ్చలవిడిగా విస్తరించాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాల పరిశీలనలో సరస్సు విస్తీర్ణంలో సుమారు 42 శాతం చెరువులుగా మారినట్లు తేలింది. గట్లు లేవడంతో చేపలు గుడ్లు పెట్టే తావులకు దారి మూసుకుపోయింది. పైగా పిల్లలను వదిలే ముందు చెరువులోని నాటు చేపలను కలుపుగా భావించి మందులతో నిర్మూలించడం సాగుదారులకు పరిపాటి.

మురుగు, ఉప్పునీరు

ఏలూరు, విజయవాడ పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, డెల్టా పొలాలలోని ఎరువులు, పురుగుమందుల అవశేషాలు చివరకు చేరేది కొల్లేరుకే. వాటి సారంతో గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని నీటిలో ప్రాణవాయువును హరిస్తోంది. గాలిని నేరుగా పీల్చగల కొర్రమేను, ఇంగిలాయి, మార్పు వంటివి కొంతవరకు తట్టుకోగలవు. ఆ శక్తి లేని పరిగె వంటి చిరుచేపలు ముందుగా నశిస్తాయి. వేసవిలో సరస్సు మట్టం పడిపోయినప్పుడు ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నడం మరో సమస్య.

వరదతో వచ్చే పరాయి చేపలు

గట్లు తెగినప్పుడు చెరువులలోని విదేశీ జాతులు సరస్సులో కలుస్తున్నాయి. తిలాపియా ఏడాదిలో పలుమార్లు సంతానోత్పత్తి చేసి మేతలోనూ తావులోనూ నాటు జాతులతో పోటీపడుతుంది. కేంద్రం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చిన్న చేపలను మింగేస్తుంది. అలంకార చేపల వ్యాపారం ద్వారా దేశానికి వచ్చిన డెవిల్‌ఫిష్ గట్లకు బొరియలు చేస్తూ, ముళ్లతో వలలను చింపుతూ మత్స్యకారులకు కొత్త తలనొప్పిగా మారింది.

కాంటూరు వివాదం

ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువులకు గండ్లు కొట్టినా, అనంతర కాలంలో పలుచోట్ల గట్లు మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించగా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ అందుకు సమ్మతించలేదు. ఈ వివాదాన్ని భూమి తగాదాగానే చూడటం పరిపాటి అయింది. నిజానికి మూడు, ఐదు కాంటూర్ల నడుమ నేలలు వానకాలంలో మునిగి వేసవిలో తేలేవి. చేపలకు పురిటిగడ్డలు అవే. వాటిని వదులుకుంటే మిగిలిన సరస్సులో నీరు నిలిచినా సంతతి నిలవదు.

నష్టపోయేది ఎవరు?

చేపల సాగుపై వేలాది కుటుంబాలు ఆధారపడ్డాయన్నది కాదనలేని వాస్తవం. కానీ చెరువు తవ్వే స్తోమత లేక తాటిదోనె, వల, మావులతోనే బతుకు వెళ్లదీసే లంక గ్రామాల పేద మత్స్యకారులకు నాటు చేపే కూలి, కూర. అభయారణ్య నిబంధనలు సంప్రదాయ వేటను అనుమతిస్తున్నాయి. వేటకు హక్కున్నా వేటాడేందుకు చేప లేకపోతే ఆ హక్కుకు అర్థం ఉండదు.

వరద దారులకు అడ్డంగా ఉన్న గట్లను తొలగించడం, మురుగును శుద్ధి చేశాకే సరస్సులోకి వదలడం, గుడ్లు పెట్టే కాలంలో సన్నకన్ను వలలను అరికట్టడం తక్షణం చేపట్టవలసిన చర్యలు. అన్నింటికంటే ముందు, సరస్సులో ఏ జాతి ఎంత మిగిలిందో ఏటా లెక్కించి ప్రజల ముందుంచాలి. టన్నుల లెక్క సరిపోయిందని సరిపెట్టుకుంటే కొల్లేరు పేరుకు సరస్సుగా, తీరుకు చెరువుగా మిగిలిపోయే ప్రమాదముంది.