పట్టాకు ముందే లెక్క చూసుకుందాం



బిడ్డను డిగ్రీలో చేర్చామంటే ఫీజు కట్టామా, బస్‌పాస్ తీశామా అని చూసుకుంటాం గాని, పట్టా చేతికి రావడానికి ఏమేమి పూర్తి కావాలో అడగం. మాకు తెలిసిన ఒక కూలి కుటుంబపు అమ్మాయి పెద్ద సబ్జెక్టులన్నీ ప్యాసయింది. మొదటి సెమిస్టరులో తప్పిన ఒక చిన్న పేపరు సంగతి మరచిపోయింది. దానితో పట్టా ఆగింది. ఆ ఏడు బి.ఎడ్. సీటు పోయింది.

2022లో యు.జి.సి. ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్సుకు 160 కావాలి. అంటే సెమిస్టరుకు సుమారు 20. ప్రధాన సబ్జెక్టే కాదు. భాషలు, నైపుణ్య కోర్సులు, పర్యావరణ విద్య కూడా ఈ లెక్కలోనివే. తప్పిన పేపరు మళ్లీ రాసి ప్యాసయ్యేదాకా దాని క్రెడిట్లు కలవవు.

కనుక చేరిన వారంలోనే మీ యూనివర్సిటీ లెక్క ఏమిటో కాలేజీలో అడిగి తెలుసుకోండి. ఒక నోటుబుక్కులో గడులు గీసి, అన్ని సెమిస్టర్ల పేపర్లూ వరుసగా రాయించండి. ప్యాసయిన ప్రతి పేపరుకు టిక్కు పెట్టించండి. సెలవులకు బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిపించండి. మనలో చదువు రానివారైనా టిక్కు పడని గడిని గుర్తుపట్టగలరు గదా!